నాన్న గురించి నాలుగు మాటలు చెప్పాలంటే

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది ఈమధ్యే నాన్ననో భర్తనో పోగొట్టుకున్నవాళ్ళు. సంస్మరణ సభలో ఏం మాట్లాడాలో తెలియడం లేదని, కాగితం ముందు పెట్టుకుంటే ఒక్క వాక్యం కూడా ముందుకు కదలడం లేదని మీలో కొందరు నాతో అన్నారు. అందుకే ఈరోజు ఆ విషయం మీదే మాట్లాడదామనుకుంటున్నాను.

పెద్ద పదవులు చేసినవాళ్ళ గురించి చెప్పడం సులువు. తేదీలు, పదవులు, సన్మానాలు వరసగా చదువుకుంటూ పోతే అరగంట ఇట్టే గడిచిపోతుంది. చిన్న ఊళ్ళో ఏదో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, భార్యాపిల్లలే లోకంగా బతికి వెళ్ళిపోయిన మనిషి గురించి చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. "చాలా మంచివారు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు, కుటుంబమంటే ప్రాణం" అనేసి కళ్ళు తుడుచుకుని కూర్చుంటాం. అందులో అబద్ధమేమీ లేదు, కానీ అవే మాటలు పక్కింటాయన గురించి కూడా చెప్పొచ్చు కదా. మన మనిషి అందులో ఎక్కడా కనపడడు.

ఎందుకిలా అవుతుందంటే, అలాంటి మనిషి ప్రేమంతా రోజూ చేసే పనుల్లోనే ఉంటుంది, రోజూ జరిగేవాటిని మన జ్ఞాపకం విడివిడిగా దాచుకోదు. మొదటిసారి జరిగింది గుర్తుంటుంది, వింతగా జరిగింది గుర్తుంటుంది, రోజూ జరిగింది మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. మా నాన్న రాత్రి పడుకునే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చేవారు. వెనక తలుపు గడియ లాగి చూసేవారు, కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే గట్టిగా తిప్పేవారు, ఆఖరికి మా గది గుమ్మం దగ్గర కాసేపు ఆగేవారు. లైటు వేసేవారు కాదు, పిలిచేవారు కాదు, మేం ఊపిరి తీసుకుంటున్న చప్పుడు విని వెళ్ళిపోయేవారేమో. ఆ చెప్పుల చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది కానీ, ఫలానా రాత్రి అని ఒక్కటి కూడా చెప్పలేను. అదే మేం ఆస్పత్రిలో గడిపిన ఒకే ఒక్క రాత్రి అడగండి, గోడ రంగుతో సహా చెప్తాను. కాబట్టి నాన్న గురించి రాయడానికి కూర్చున్నప్పుడు పెద్ద సంఘటనల కోసం వెతక్కండి. "ఆయన రోజూ ఏం చేసేవారు?" అని మిమ్మల్ని మీరే అడగండి. పొద్దున లేవగానే ఏం చేసేవారు, ఇంటికి రాగానే ముందు ఎవరి గురించి అడిగేవారు, డబ్బులు ఎక్కడ దాచేవారు, ఫోన్ పెట్టేసే ముందు ఏమనేవారు. ఇవి రాయండి చాలు, మనిషి వచ్చి నిలబడతాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో తన ప్రయోగాల గురించి రాశారు. అక్కడి చదువరులకి బొత్తిగా పరిచయం లేని ఒక ఉత్తర అమెరికా ఆదివాసీ కథ ఇచ్చి, కొంతకాలం తర్వాత మళ్ళీ చెప్పమన్నారు. చెప్పిన ప్రతిసారీ కథ చిన్నదవుతూ వచ్చింది, వింతగా ఉన్న వివరాలు రాలిపోయాయి, మిగిలినవి వాళ్ళకి అలవాటైన కథల్లా మారిపోయాయి. నాన్న విషయంలో మనమూ ఇదే చేస్తాం. పదిమందికి పదిసార్లు చెప్పేసరికి ఆయనకి మాత్రమే ఉన్న ఆ తిక్క, ఆ చాదస్తం, ఆ ముచ్చట అన్నీ రాలిపోయి, అందరు నాన్నల్లాంటి ఒక నాన్న మిగులుతాడు. అందుకే తొందరగా రాసుకోమంటున్నాను. దుఃఖం కాస్త తగ్గాక నిదానంగా రాద్దాంలే అనుకుంటే, అప్పటికి ఆ వింత వివరాలే ముందు పోతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. చాలా సభల్లో చూశాను, కొడుకులు మాట్లాడతారు, అల్లుళ్ళు మాట్లాడతారు, స్నేహితులు మాట్లాడతారు, అమ్మ మాత్రం ముందు వరసలో తల వంచుకుని కూర్చుని ఉంటుంది. ఆవిడ చేతికి మైకు ఎవ్వరూ ఇవ్వరు. ఏడుస్తుందేమో అని టెన్షన్ పడతారు. ఏడవనివ్వండి! 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు మనిషిని కుదిపేసే 43 సంఘటనలకి మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశారు, అందులో భార్య లేదా భర్త చనిపోవడానికి 100, అన్నిటికంటే ఎక్కువ. ఆ దెబ్బ తిన్న మనిషిని పక్కన పెట్టి మనం ఆయన గురించి ఏం చెప్తాం? పిల్లలకి తెలిసింది నాన్న మాత్రమే. వాళ్ళు పుట్టకముందు ఉన్న కుర్రాడు, అప్పు తీరేదాకా నిద్రపట్టక మంచం మీద అటూ ఇటూ దొర్లిన మనిషి, భయపడిన మనిషి, ఆవిడకి మాత్రమే తెలుసు. ఒకావిడ నాతో అన్నారు, "రాత్రి మంచినీళ్ళు తాగడానికి లేస్తే, ఆ గ్లాసు మళ్ళీ నింపి నా తల దగ్గర పెట్టేవారు, నేను అడిగింది ఎప్పుడూ లేదు" అని. ఆవిడ పిల్లలు ఆ మాట మొదటిసారి వింటున్నారు. ఆ ఒక్క గ్లాసులో ఎంత కాపురం ఉందో చూడండి. కాబట్టి ముందు అమ్మ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మధ్యలో అడ్డుపడకుండా, ఆవిడ ఎక్కడ మొదలుపెడితే అక్కణ్ణించే విని రాసుకోండి.

చిన్న ఊరికి ఒక సౌకర్యం ఉంది. ఒకే మనిషిని ఊళ్ళో ఎంతోమంది ఎన్నో రకాలుగా చూసి ఉంటారు. పక్కింటివాళ్ళు ఒకలా, తోటి ఉద్యోగులు ఒకలా, పిల్లల టీచరు ఇంకోలా. పలకరించడానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఎవరో ఒకరు "మా అబ్బాయి ఫీజు ఆయనే కట్టారు, ఎవరికీ చెప్పొద్దన్నారు" అని చల్లగా చెప్పి వెళ్ళిపోతారు. అలాంటివి వచ్చిన వెంటనే, చెప్పినవాళ్ళ పేరుతో సహా, ఒక పుస్తకంలో ఎక్కించండి. ఆ హడావుడిలో ఎవరేం చెప్పారో తర్వాత గుర్తుండదు.

ఎంత రాయాలి అని అడుగుతారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్ టైమ్స్ పత్రిక చనిపోయినవాళ్ళ గురించి చిన్న చిన్న రచనలు వేయడం మొదలుపెట్టింది, ఒక్కొక్కటి సుమారు 200 పదాలు. ఆ ఏడాది చివరికే 1,800కి పైగా వేశారు. కంపెనీ పెద్దలకీ, వంటవాళ్ళకీ అంతే చోటు. హోదాల జాబితా చదవకుండా, ఆ మనిషికి ఏది ఇష్టం, ఇంట్లో ఎలా ఉండేవాడు అన్నది పట్టుకుని రాశారు. రోజూ పొద్దున్నే అవి చదివి జనం ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఏడ్చారు. అంటే 200 పదాలు చాలు, అవి సరైనవైతే.

ఆయన కోపం గురించి, మొండితనం గురించి రాయొచ్చా? రాయండి. ఎవరినీ గాయపరిచేలా కాకుండా, ఉన్నది ఉన్నట్టు. ఆయన పిల్లలతో నెలల తరబడి మాట్లాడకుండా ఉన్న రోజులుంటే అవీ ఆయన బతుకులోవే. అవి తీసేస్తే, ఆ తర్వాత ఆయనే ముందుగా తగ్గి పిలిచిన రోజుకి విలువ ఎక్కణ్ణించి వస్తుంది?

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ ముందు ఆయన మాట ఎత్తకూడదని చాలామంది అనుకుంటారు, నాకది అస్సలు నచ్చదు. ఫిల్లిస్ సిల్వర్‌మన్, విలియం వోర్డన్ అనే పరిశోధకుల బృందం అమెరికాలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలతో చాలాకాలం మాట్లాడింది. చాలామంది పిల్లలు చనిపోయిన మనిషితో తమదైన బంధాన్ని నిలబెట్టుకున్నారు, కలల్లో చూస్తూ, మనసులో మాట్లాడుకుంటూ, ఆయన వస్తువేదో దగ్గర దాచుకుంటూ. కాబట్టి నాన్న వాచీనో పెన్నో ఇమ్మని పిల్లాడు అడిగితే ఇచ్చేయండి, ఎవరు ఇచ్చారో, ఎప్పుడు కొన్నారో ఆ కథ కూడా కలిపి ఇవ్వండి.

నాన్న ఇంకా ఉన్నవాళ్ళు కూడా ఇక్కడున్నారు, వాళ్ళకి ఒక మాట. కెనడా మనోవైద్యుడు హార్వీ చొచినొవ్ ఆఖరి దశలో ఉన్న రోగులని కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు రికార్డు చేసి, రాయించి, వాళ్ళకే ఇచ్చే పద్ధతి ఒకటి తయారుచేశారు. వాళ్ళు దాన్ని తమవాళ్ళకి అందించేవారు. మీ జీవితంలో మీకు బాగా గుర్తున్నవి ఏవి, మీవాళ్ళకి మీ గురించి ఏం తెలియాలి, ఇలాంటి ప్రశ్నలు. వీటికి జబ్బు చేయక్కర్లేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మగవాళ్ళు చాలామంది "ఏముంది చెప్పడానికి" అని లేచిపోతారు, అది మీకూ తెలుసు. పక్కన కూర్చుని ఏదో పని చేస్తూ అడగండి, బండిలో వెళ్తూ అడగండి, పాత ఫోటో చూపించి "ఈ పక్కనున్నాయన ఎవరు నాన్నా?" అనండి. ఒక పేరు చెప్తారు, తర్వాత ఆ పేరు వెనక నాలుగు కథలు వస్తాయి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు మైకు మీది. ముందుగా అమ్మలు మాట్లాడితే బాగుంటుంది. లేవలేనివాళ్ళ దగ్గరికి నేనే తెచ్చి ఇస్తాను, టైము చూసుకోవద్దు.