గ్యాస్ బండ ఆమె పేరు మీద, పైసలు ఎవరి చేతిలో?

అందరికీ నమస్కారం. సంఘాల నుంచి వచ్చిన అక్కలకు, డిగ్రీ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు, వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నలకు కూడా. అన్నలకు ముందే చెప్తున్నా, ఇది మిమ్మల్ని తిట్టడానికి పెట్టిన మీటింగ్ కాదు. కుర్చీలున్నాయి, కూర్చోండి.

ధరల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ధరలు పెరిగాయని చెప్పడానికి నేనెందుకు, కూరగాయల బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు. నాకున్నది వేరే ప్రశ్న. బండ ధర వంద పెరిగింది, కూలి పెరగలేదు. అయినా ఆ ఇంట్లో పొద్దున అన్నం ఉడికింది, పిల్లలు బాక్సులు తీసుకుని బడికి పోయారు. ఆ వంద ఎక్కడి నుంచి వచ్చింది? మీరు గమనించండి, చాలా ఇళ్లలో అది జేబులోంచి రాలేదు. ఆమె ఇంకో గంట ముందు లేచింది, కట్టెలు తెచ్చింది, పొగ మింగింది. పెరిగిన ధరను డబ్బుతో కాకుండా ఒంటితో కట్టింది. అలా కట్టినదానికి రసీదు ఉండదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

గ్యాస్ పథకాలను నేను చిన్నబుచ్చను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చినప్పుడు డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకు డిపాజిట్ ప్రభుత్వమే కట్టి కనెక్షన్ ఇచ్చింది. ఊళ్లలో చాలామంది గ్యాస్ పొయ్యి మొదటిసారి ముట్టించింది అప్పుడే. తర్వాత 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల మొదలైంది, పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే కేంద్ర పథకం. దానిలో ఒక మంచి నియమం పెట్టారు: కనెక్షన్ ఇంట్లోని ఆడమనిషి పేరు మీదే ఉండాలి. ఇప్పుడు దేశంలో ఆ కనెక్షన్లు 10 కోట్లు దాటాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, వంటకు గ్యాస్ లాంటి శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్లు 2015-16లో 43.8 శాతం ఉంటే, 2019-21 నాటికి 58.6 శాతానికి పెరిగాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశ సగటు కంటే చాలా ముందున్నాయి.

అయితే సర్వే వాళ్లు వచ్చి అడిగేది, మీ ఇంట్లో వంట ముఖ్యంగా దేని మీద చేస్తారు అని. గ్యాస్ అని చెప్తాం. అది అబద్ధమేమీ కాదు. కానీ ఇంటి వెనక్కి వెళ్లి చూడండి.

పాలమూరు వైపు ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. వంటింట్లో గట్టు మీద రెండు బర్నర్ల స్టవ్, దాని మీద దుమ్ము పడకుండా పాత చీరముక్క. పొద్దున టీ దాని మీదే. పాలు కాచేది, చుట్టాలొస్తే ఉప్మా చేసేది, వానొస్తే వండేది దాని మీద. ఇక అన్నం, పప్పు, స్నానాలకు నీళ్లు అన్నీ బయట మూడు రాళ్ల పొయ్యి మీదే. పక్కన పత్తికట్టె, కందికంప, ఎండిన సర్కారు తుమ్మ. ఇదివరకు పొయ్యి రాజేయడానికి రేషన్ కిరోసిన్ రెండు చుక్కలు పోసేవాళ్లు. ఇప్పుడు రేషన్‌లో కిరోసిన్ లేదు. అందుకని ఏం చేస్తున్నారంటే, సరుకులు తెచ్చిన ప్లాస్టిక్ కవర్ ఉండచుట్టి కట్టెల కింద పెట్టి అగ్గిపుల్ల గీస్తారు. తెగిపోయిన చెప్పు ముక్క అయితే ఇంకా బాగా అంటుకుంటుందట. ఆ నల్లటి పొగ ముఖం మీదికి వస్తుంటే, ఆమె తల పక్కకు తిప్పి ఊదుగొట్టంతో ఊదుతుంది. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంకె విన్నప్పుడు నాకు ఈ ప్లాస్టిక్ కవరే గుర్తుకొస్తుంది.

బండ అయిపోవచ్చినప్పుడు చేసే పనులు మీకు నేను చెప్పాలా? మంట ఎర్రబడగానే బండను అటూ ఇటూ ఊపడం, వేడినీళ్ల టబ్బులో నిలబెట్టడం, ఇంకొందరైతే పక్కకు పడుకోబెట్టడం. పడుకోబెట్టే పని మాత్రం చేయకండి అక్కా, ద్రవంగా ఉన్న గ్యాస్ నేరుగా పైపులోకి వస్తుంది, ప్రమాదం. కానీ ఒక్క పూట వంట కోసం మనిషి అంత ప్రమాదం ఎందుకు తెచ్చుకుంటుంది? ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులుంది కాబట్టి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. బండ ఖరీదు ఒక సమస్య అయితే, అంత మొత్తం ఒకేసారి చేతిలో ఉండాల్సి రావడం ఇంకో పెద్ద సమస్య. కట్టెలు ఒక్కో మోపు తెచ్చుకోవచ్చు. కందిపప్పు పావుకిలో కొనుక్కోవచ్చు. షాంపూ రూపాయి ప్యాకెట్‌లో దొరుకుతుంది. గ్యాస్ మాత్రం ఊళ్లలో మామూలుగా దొరికే 14.2 కిలోల బండే ఒకేసారి కొనాలి. హైదరాబాద్‌లో 2023 మార్చిలో బండ 1,155 రూపాయలు. ఆ ఏడాది ఆగస్టు చివర్లో 200 తగ్గించారు, 2024 మార్చి 8న మహిళా దినోత్సవం కానుక అని ఇంకో 100 తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో 50 పెంచారు. ఆ పెంపు ఏ దినోత్సవం కానుకో ఎవరూ చెప్పలేదు. అలా 905కి వచ్చింది. ఆ ఏడాది మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పని దొరికి, కొలతల్లో కోత పడకుండా పూర్తి కూలి వస్తే, బండకు మూడు రోజుల కూలి. మీదికెక్కించినందుకు డెలివరీ కుర్రాడికిచ్చేది వేరే.

ఆ మూడు రోజుల కూలి ఒకేసారి ఎవరి చేతిలో ఉంటుంది? ఆమె కూలి రోజువారీ ఖర్చులో కరిగిపోతుంది. పెద్ద నోట్లు ఆయన దగ్గర ఉంటాయి, పంట అమ్మినవో, మేస్త్రీ ఇచ్చినవో. కాబట్టి కనెక్షన్ ఆమె పేరు మీద ఉన్నా, బండ ఎప్పుడు బుక్ చేయాలో నిర్ణయించేది ఆయన. ఆయన చెడ్డవాడని కాదు. ఎరువుల బస్తా, మోటారు రిపేరు, బైక్ పెట్రోలు, వీటికి ప్రత్యామ్నాయం లేదు. గ్యాస్‌కు మాత్రం ఉంది. ఏంటది? ఇంట్లో ఆడమనిషి. ఆమె కట్టెలు తేగలదు. అందుకే ఇంటి బడ్జెట్‌లో మొదట వాయిదా పడేది బండే.

ఉజ్వల కనెక్షన్లున్న ఇళ్లు ఏడాదికి సగటున 3.21 బండలే తీసుకున్నాయని 2018 డిసెంబరు వరకు లెక్కలు చూసిన కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ, చెప్పింది. కేంద్రం 300 రూపాయల రాయితీ ఇచ్చినా, 2024-25లో కూడా అది నాలుగు చిల్లర దగ్గరే ఉంది. నలుగురున్న ఇంట్లో వంటంతా గ్యాస్ మీదే చేస్తే బండ నెలన్నర రావడమే గొప్ప. అంటే ఏడాదికి ఎనిమిదన్నా కావాలి. మిగతా సగం వంట ఎక్కడ అవుతోందో మీకు తెలుసు.

మన రాష్ట్రాల పథకాలు చూద్దాం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27 నుంచి మహాలక్ష్మి కింద 500కే సిలిండర్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలైంది, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. రెండూ మంచివే, రెండూ ఆడవాళ్లు ఓట్లేసి సాధించుకున్నవే. కానీ రెండూ మొదలైంది ఒకే పద్ధతితో: ముందు పూర్తి డబ్బు మీరు కట్టండి, తర్వాత మీ ఖాతాలో వేస్తాం. చేతిలో పూర్తి ధర లేని మనిషికి 500 బండ కూడా పూర్తి ధర బండే కదా. ఆ తిరిగొచ్చే డబ్బు కోసం ముందు ఎక్కడో అప్పు చేయాలి.

తెలంగాణ పథకంలో ఇంకో మెలిక ఉంది. రాయితీ ఎన్ని బండలకు ఇవ్వాలో గత మూడేళ్ల వాడకం సగటు చూసి నిర్ణయించారు. కాగితం మీద చూస్తే న్యాయంగానే ఉంటుంది, దుర్వినియోగం ఆపాలి కదా అంటారు. కానీ ఆ మూడేళ్లు ఏవి? బండ వెయ్యి దాటిన రోజులు అందులోనే ఉన్నాయి. కొనలేక ఏడాదికి మూడు బండలతో సరిపెట్టి పొయ్యి ఊదిన ఆమెకు మూడు బండలకే రాయితీ. ఆపకుండా పది తీసుకోగలిగిన ఇంటికి పది. బాగా పొగ మింగినామెకు తక్కువ, అసలు మింగనామెకు ఎక్కువ. ఈ నియమం రాసిన ఆఫీసర్ ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటుందని నా అనుమానం.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తా, అది విడిగా ఒక సభ పెట్టాల్సినంత ఉంది. కరెంటు ఛార్జీల మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయిన రాష్ట్రం మనది, కాబట్టి ఏ ప్రభుత్వమైనా ఈ విషయంలో భయపడుతూనే ఉంటుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు. అద్దెకున్న వాళ్లకు కూడా వర్తిస్తుంది. మరి ఒకే మీటర్ మీద నాలుగు గదులు అద్దెకిచ్చి, ఓనరే సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తే? బస్తీల్లో ఇది మామూలు. ఆ గదుల్లో పగలంతా ఉండేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. రేకుల కప్పు కింద మే నెలలో ఫ్యాన్ ఎప్పుడు ఆపాలా అని లెక్కపెట్టుకునేది వాళ్లే. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి కాబట్టి, నెలాఖరుకు ఆ టెన్షన్ ఇంకో రకం.

వంట ఇంటి పనే కాదు, బతుకుదెరువు కూడా అయిన వాళ్లున్నారు. బస్టాండ్ దగ్గర ఇడ్లీ బండి పెట్టినామెకు రాయితీ బండ వాడే హక్కు లేదు. ఆమె కొనాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దాని ధర ఒకటో తారీఖున మారుతుంటుంది. నూనె సంగతి చూడండి. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం, సెస్సులతో కలిపి, 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. నూనెగింజల రైతు కోసం అన్నారు, ఆ మాట కొట్టిపారేయలేం. కానీ మర్నాడు పొద్దున బజ్జీల బండి ఆమె ప్లేటు ధర పెంచగలిగిందా? పెంచితే గిరాకీ పక్క బండికి పోతుంది. ఆమె ఏం చేసింది? సహాయానికి పెట్టుకున్న మనిషిని మాన్పించి, ఆ పని కూడా తనే చేసుకుంది.

బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కల సంగతి ఇంకా అన్యాయం. కూరగాయలు ముందు వాళ్లే అప్పు మీద తెచ్చి వండాలి, బిల్లులు నెలల తర్వాత వస్తాయి. గౌరవ వేతనం నెలకు 3 వేలు. ఆ బిల్లుల లెక్క ఏ పూటకు ఎంతమంది పిల్లలు తిన్నారన్న దాని మీదే ఉంటుంది, బండ ఖాళీ అయిందా లేదా అన్నదాని మీద ఉండదు. అందుకే బడి వెనకాల రేకుల షెడ్డులో ఇప్పటికీ కట్టెలే మండుతున్నాయి. ప్రభుత్వమే ఒక చేత్తో ఇంట్లో పొగ పోగొడతానంటూ, ఇంకో చేత్తో అదే ఆడమనిషిని పొగలో కూర్చోబెడుతోంది.

కాలేజీ పిల్లలు నోట్ చేసుకోండి, మీ సిలబస్‌లో ఉన్నదే చెప్తున్నా. 2012 ఆధార సంవత్సరంగా తయారైన వినియోగదారుల ధరల సూచీలో, అంటే ధరలు ఎంత పెరిగాయో కొలిచే లెక్కలో, ఇంధనం, వెలుతురుకు ఇచ్చిన బరువు, అంటే వాటా, 6.84 శాతం. అందులో కొన్న కట్టెల ధర లెక్కకొస్తుంది. చేనుగట్ల మీద తిరిగి ఏరుకొచ్చిన మోపుకు పట్టిన సమయం రాదు. గ్యాస్ కొనడం మానేసి కట్టెలకు మారిన ఇల్లు, లెక్క ప్రకారం, ఖర్చు తగ్గించుకున్న ఇల్లు. 2024 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ద్రవ్యోల్బణం సూచీనీ ఈ సర్వేనీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. మీలో ఎవరైనా ప్రాజెక్ట్ చేయాలనుకుంటే ఇది పట్టుకోండి, ఒక్క ఊళ్లో బండ ధర మారినప్పుడు కట్టెల సమయం ఎలా మారిందో రాయండి.

ధరల మీద ఆడవాళ్లు వీధిలోకి రావడం కొత్త కాదు. 1972-73లో మహారాష్ట్ర కరువులో సోషలిస్టు నాయకురాలు మృణాల్ గోరే, కమ్యూనిస్టు నాయకురాలు అహల్యా రంగ్నేకర్ లాంటి వాళ్లు వేర్వేరు పార్టీల ఆడవాళ్లను ఒక కమిటీ కిందికి తెచ్చారు. చపాతీ కర్రలు, కంచాలు పట్టుకుని బొంబాయి వీధుల్లో ఊరేగారు. నాకు అందులో నచ్చింది కంచాలు కొట్టడం కాదు. వాళ్లు అడిగినవి గాల్లో మాటలు కావు. రేషన్ షాపులో నూనె ఇంత కావాలి, కిరోసిన్ ఇంత కావాలి అని పేరు పెట్టి అడిగారు.

మనమూ అలాగే అడగాలి. రాయితీ పోగా మిగిలిందే బండ దింపేటప్పుడు ఇంటి దగ్గర తీసుకోండి, మొత్తం కట్టించుకుని తిరిగి ఇవ్వడం మానండి. మూడేళ్ల సగటు నియమం తీసేయండి. 5 కిలోల చిన్న సిలిండర్‌ను ఊరి రేషన్ షాపులోనే, కిలో లెక్కన అదే రాయితీతో ఇవ్వండి, కూలి వచ్చిన రోజు కొనుక్కుంటాం. బడి వంటకు గ్యాస్ ఖర్చు విడిగా ఇవ్వండి. ఈ నాలుగూ మీ మండల సమాఖ్య తీర్మానంలో రాయించవచ్చు.

ఈలోగా ఇంటికెళ్లి ఒక పని చేయండి. మీ గ్యాస్ రాయితీ ఏ ఖాతాలో పడుతోందో చూసుకోండి. అది మీరనుకున్న బ్యాంకులో పడకపోవచ్చు, ఆధార్‌కు నగదు బదిలీ కోసం చివరగా లింకైన ఖాతాలోకి పోతుంది. సంఘం లోనుకోసమో, మైక్రోఫైనాన్స్ వాళ్లు అడిగారనో మధ్యలో ఎప్పుడో కొత్త ఖాతా తెరిచి ఉంటారు, ఆ పాస్‌బుక్ బీరువాలో ఎక్కడో ఉంటుంది. అందులో మీ పైసలు ఉండొచ్చు. కొందరికైతే లింక్ తెగిపోయి అసలు పడటమే ఆగిపోయి ఉంటుంది. బ్యాంకుకు వెళ్తే ఆధార్ సీడింగ్ ఏ ఖాతాకు ఉందో చెప్పమని అడగండి, మీ పక్కింటామెను కూడా తీసుకెళ్లండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, ఆ చివరి వరుసలో అక్క ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది, ముందు ఆమెకు మైక్ ఇవ్వండి.