మందు కొట్టేలోపే పని అయిపోతుంది

యాంకర్: నమస్తే. ఈ రోజు చంద్రగిరి దగ్గర ఒక బొప్పాయి తోటలో కూర్చున్నాం. అన్నా, పోయిన సారి చెట్లన్నీ పీకేశారంట కదా?

రైతు: అన్నీ కాదులే అబ్బాయ్. మిగిలినవి లెక్కపెట్టడం మాత్రం సులభం. (నవ్వు) మొదట రెండు చెట్లకు ఆకులు పసుపూ పచ్చా కలిసినట్టు కనిపించాయి. ఎరువు చాలలేదేమో అనుకున్నా. తర్వాత లేతాకులు దారాల్లా సన్నబడ్డాయి. కాడల మీద నూనె మరకల్లాంటి చారలు. కాయ మీద ఉంగరాలు పడ్డాక గానీ తెలియలేదు.

యాంకర్: రింగ్ స్పాట్ వైరస్. మందు కొట్టలేదా?

రైతు: కొట్టకుండా ఉంటానా! వైరస్‌కు మందు లేదు, సరే. దాన్ని మోసుకొచ్చే పేనుబంకను, అదే రసం పీల్చే చిన్న పురుగును, చంపితే చాలనుకున్నా. అది బొప్పాయి మీద కాపురం పెట్టదయ్యా. వాలుతుంది, రుచి చూడటానికి ముక్కు గుచ్చుతుంది, నచ్చక పక్క చెట్టుకు పోతుంది. ఆ కొన్ని సెకన్లలోనే వైరస్ అంటుకుంటుంది. మందుకు అది చచ్చేలోపు పని అయిపోతుంది. పైగా ఖాళీ ఎందుకని వరసల మధ్య దోస వేశా. దోస, గుమ్మడి జాతిలోనూ ఇదే వైరస్ ఉంటుందంట!

యాంకర్: మరి ఈసారి?

రైతు: బొప్పాయి కంటే ముందే చుట్టూ రెండు వరసలు జొన్న వేశా. పేనుబంక ముందు జొన్నను గుచ్చితే, మూతికున్న వైరస్ అక్కడే పోతుంది. విత్తనంతో ఈ తెగులు రాదు కాబట్టి నారు నేనే దోమతెర కింద పెంచుకున్నా.

యాంకర్: చీనీ, నిమ్మకూ ఇదే కథా?

రైతు: వాటికి ట్రిస్టెజా అని ఇంకో వైరస్ తెగులు. పోర్చుగీసులో దిగులు అని అర్థమంట. బ్రెజిల్‌లో నారింజ చెట్లు లక్షల్లో ఎండిపోయాయి. అదీ పేనుబంకతోనే వస్తుంది, కానీ దూరాలకు మోసేది మనమే, అంటు పుల్లతో. నిమ్మ లేతాకును వెలుతురుకు పట్టి చూడు, ఈనెలు అక్కడక్కడా పాలిపోయి ఉంటే అనుమానించాలి. అందుకే మొక్క ఎక్కడిదో తెలియకుండా కొనొద్దంటా.

యాంకర్: ఈసారి తోటలో తెగులు కనిపించిందా?

రైతు: నిన్న ఒక చెట్టుకు. నిండా కాయలు. కోసుకున్నాక పీకుదువులే అంది మా ఇంటావిడ. నేను సాయంత్రమే పీకేశా. రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.