రాబర్ట్ గెయిర్ అట్టపెట్టెలు: కోత, మడత, ఎత్తుల లెక్క

అందరికీ నమస్కారం. మిఠాయి డబ్బా కానివ్వండి, మందుల పెట్టె కానివ్వండి, మనం పంచింగ్ మిషన్ (అట్టను కోసి మడత గీత వేసే యంత్రం) మీద కొట్టేదంతా ఒక కుటుంబ కంపెనీ దారిపట్టించిన పనే. న్యూయార్క్‌లో రాబర్ట్ గెయిర్ పెట్టిన కంపెనీ అది.

గెయిర్ 1839లో ఎడిన్‌బరోలో పుట్టి, 14 ఏళ్ల వయసులో అమెరికా చేరాడు. అంతర్యుద్ధంలో సైన్యంలో పనిచేశాక, 1864లో మాన్‌హాటన్‌లో కాగితపు సంచుల వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పట్లో అట్టపెట్టె అంటే గీత వేయడం ఒక పని, కోయడం ఇంకో పని. 1879లో విత్తనాల సంచులు తయారవుతుండగా మడత గీత వేయాల్సిన లోహపు రూలు (సన్నని పట్టీ) పక్కకు జరిగి, సంచులనే కోసేసింది. సరుకు పాడైంది. దీన్ని అందరూ అదృష్టం కథగా చెబుతారు. అలాంటి నష్టం ఏ ప్రెస్సులోనైనా జరిగేదే! గెయిర్‌కు అందులో కనబడింది ఎత్తుల తేడా. ఎత్తు రూలు కోస్తుంది, పొట్టి రూలు మడత వేస్తుంది, రెంటినీ ఒకే డైలో (రూళ్లు అమర్చే పలకలో) బిగిస్తే ఒక్క దెబ్బకు పనైపోతుంది. పాత ప్రెస్ ఒకటి కొని అలా మార్చుకుంటే గంటకు 750 షీట్లు, షీటుకు 10 చొప్పున 7,500 పెట్టెలు వచ్చాయి.

ఈ లెక్క ఇప్పటికీ మారలేదు. మన కటింగ్ రూలు ఎత్తు 23.8 మి.మీ. బోర్డు (అట్ట) మందం 0.4 అయితే క్రీజింగ్ రూలు, అంటే మడత వేసే రూలు, 23.4 ఉండాలి. కింద ఛానల్ (మడత దిగే గాడి) వెడల్పుకు బోర్డు మందాన్ని ఒకటిన్నరతో హెచ్చించి రూలు మందం కలపండి: 0.6కు రూలు మందం 0.7 కలిపితే 1.3 మి.మీ. ఛానల్ ఇరుకైతే పైపొర చిట్లి, ఇంకు పగిలి తెల్లగీత బయటపడుతుంది. వెడల్పైతే మడత వదులై, పెట్టె అంచు గుండ్రంగా తిరుగుతుంది. రూలు అచ్చువైపు నుంచి దిగాలి; వెనక లేచిన ఉబ్బు మడతకు లోపలే ఉండాలి. చాలామంది ఛానల్ అరిగిందని చూడకుండా ప్రెషర్ పెంచుతారు. దాంతో కటింగ్ రూలు మొన మొద్దుబారి, అంచుల్లో పొట్టు రాలుతుంది.

గ్రెయిన్ (అట్టలో పీచు సాగే దిశ) మాట మరవకండి. నిలువు మడతలకు అడ్డంగా గ్రెయిన్ ఉంటే పెట్టె పొట్ట ఉబ్బదు, కానీ క్రీజ్ (మడత గీత) సరిగా పడకపోతే చిట్లేదీ అక్కడే. ఎండల్లో బోర్డు ఆరిపోతే ఇది మరీ ఎక్కువ. పంచింగ్‌కు ముందు రీములను షాపులోనే ఒక రోజు ఉంచడం మంచిది, అదీ చుట్టు విప్పకుండా.

ఇక కంపెనీ సంగతి. 1880ల చివర్లో గెయిర్ బ్రూక్లిన్ నదీతీరానికి మారాడు. అతని కట్టడాలతో ఆ ప్రాంతానికి గెయిర్‌విల్ అన్న పేరొచ్చింది. ఇప్పటి డంబో అదే. 1898లో ఏర్పడిన నేషనల్ బిస్కెట్ కంపెనీ యునీడా బిస్కెట్లకు పెట్టెలు కోరడంతో అతని రాబడి స్థాయే మారింది. విడిగా అమ్మే సరుకు పెట్టెల్లోకి రావడం అక్కడ ఊపందుకుంది. కొడుకులూ వ్యాపారంలోకి వచ్చారు. గెయిర్ 1927లో పోయాడు. 1956లో కంపెనీ కాంటినెంటల్ క్యాన్‌లో కలిసిపోయింది.