లిఫ్ట్ డోర్ లాక్‌కి జంపర్ వేశారేమో ఇలా కనిపెట్టండి

నమస్తే. కర్నూల్లో గానీ ఆదోనిలో గానీ మీ అపార్ట్‌మెంట్‌లో చేత్తో లాగే గ్రిల్ గేటు లిఫ్ట్ ఉంటే ఈ వీడియో మీకోసమే.

ఇదిగో చూడండి, కంట్రోల్ ప్యానెల్లో రెండు టెర్మినళ్లను కలుపుతూ జానెడు వైరు ముక్క. దీన్నే జంపర్ అంటారు. ప్రతి అంతస్తు తలుపు లాక్‌లో ఒక కాంటాక్ట్, అంటే తలుపు మూస్తేనే కరెంటు కలిసే స్విచ్, క్యాబిన్ గేటుకి ఇంకొకటి ఉంటాయి. జీ ప్లస్ 4 బిల్డింగ్ అయితే మొత్తం ఆరు, అన్నీ సీరీస్‌లో, అంటే ఒకే లైన్లో ఒకదాని తర్వాత ఒకటి. ఏ ఒక్కటి తెరుచుకున్నా మోటారుకి కరెంటు ఆగి బ్రేక్ పడాలి. జంపర్ వేస్తే తలుపు తెరిచున్నా లిఫ్ట్ కదుల్తాది.

ఎందుకేస్తారంటే, కాంటాక్ట్‌కి దుమ్ము పట్టినా, తలుపు జారి లాక్ సరిగ్గా కూర్చోకపోయినా లిఫ్ట్ ఊరికే ఆగిపోతుంటుంది. తప్పు ఏ అంతస్తులో ఉందో వెతకాలంటే టైం పడుతుంది. "ఇప్పటికి నడుస్తాది లేన్నా" అని వైరు వేసి పోతారు. మెయిన్ ఆపి కాంటాక్ట్ శుభ్రం చేసి, తలుపు సరిచేసి, అరిగిపోయుంటే లాక్ మార్చడమే అసలు పని.

తలుపు సగం తెరిచుండగానే లిఫ్ట్ పైకి పోయిందనుకోండి. తర్వాత వచ్చినవాళ్లు చీకట్లో లిఫ్ట్ ఉందనుకుని గుంతలోకి అడుగేస్తారు.

ఇంకోటి, దీని గురించి ఎవరూ చెప్పరు. ఏఆర్‌డీ, అంటే ఆటోమేటిక్ రెస్క్యూ డివైజ్ ఉన్న లిఫ్ట్ అయితే, కరెంటు పోయినప్పుడు దాని బ్యాటరీ లిఫ్ట్‌ను దగ్గరి అంతస్తుకు తెస్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్లు కంగారులో గేటు తెరిస్తే అది కదలకూడదు. జంపర్ ఉంటే, మనిషి సగం బయటికొచ్చినప్పుడే కదుల్తాది. అందుకే లిఫ్ట్ మధ్యలో ఆగితే గేటు ముట్టుకోవద్దు.

ఇప్పుడు పరీక్ష. ఇద్దరుండాలి, పిల్లలను దూరంగా ఉంచండి, క్యాబిన్ ఖాళీగా ఉండాలి. లిఫ్ట్ మీ అంతస్తులో ఉన్నప్పుడు క్యాబిన్ గేటు పూర్తిగా మూసి, బయటి తలుపు మాత్రం కొంచెం తెరిచి, గడప దాటకుండా పక్కకి నిలబడండి. రెండోవాళ్లు పై అంతస్తులో బటన్ నొక్కాలి. లిఫ్ట్ కదలకూడదు. ప్రతి అంతస్తులోనూ ఇలాగే చూడండి, ఎందుకంటే ఒక్క లాక్‌కే జంపర్ వేసుండొచ్చు. తర్వాత క్యాబిన్ గేటు తెరిచి, బయటి తలుపు మూసి, మళ్లీ నొక్కించండి. లిఫ్ట్ వేరే అంతస్తులో ఉన్నప్పుడు మీ తలుపు నెమ్మదిగా లాగి చూడండి, అస్సలు తెరుచుకోకూడదు.

ఒక్కచోట తేడా వచ్చినా మెషిన్ రూమ్‌లో మెయిన్ ఆపి, ఆ గదికి తాళం వేసి, ప్రతి అంతస్తులో బోర్డు పెట్టండి. ప్యానెల్లో మీరు చెయ్యి పెట్టొద్దు. మెకానిక్ వచ్చాక వైరు మీ ఎదురుగా తీయించి, ఇదే పరీక్ష ఆయనతో మళ్లీ చేయించండి.