లిమిట్ పోకర్‌లో పెద్ద పెయిర్: దూకుడు ఆటగాడి ముందు నిలబడటం

అందరికీ నమస్కారం.

మనలో చాలామందికి పేకాట అంటే మొదట తెలిసింది రమ్మీయే. ముక్కలు బాగా పడకపోతే ఫస్ట్ డ్రాప్, 20 పాయింట్లతో పోతుంది. పట్టుకుని కూర్చుంటే ఫుల్ కౌంట్ 80. అందుకే అవతలివాడు జోరుమీదుంటే తప్పుకోవడమే తెలివి అనిపిస్తుంది. ఇక్కడ కాలిఫోర్నియా కార్డ్ రూముల్లో లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆటకి (తలా రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు) కూర్చున్నా ఆ అలవాటు వదలదు. చేతిలో రాణుల పెయిర్ ఉన్నా పడేస్తాం. ఈ ఆటలో అది చాలా ఖరీదైన అలవాటు.

లిమిట్‌లో పందెం ఎంతో ముందే ఖాయం. 10-20 ఆటలో ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) దాకా 10 డాలర్లు, టర్న్ (నాలుగో ముక్క) నుంచి 20. రెయిజ్ (పందెం పెంచడం) కూడా అంతే, మామూలుగా రౌండుకి నాలుగు బెట్లు దాటవు. ఎంత దూకుడు మనిషైనా మీ చిప్స్ అన్నీ ఒక్కసారే అడగలేడు.

ఒక హ్యాండ్ చూద్దాం. మీరు బటన్ మీద, అంటే డీలర్ చోట ఉన్నారు, చేతిలో రెండు రాణులు. ఏది పడినా రెయిజ్ చేసే మనిషి మీ కుడిపక్కన కూర్చుని 20 చేశాడు. మీరు 30 చేయండి, ఇందులో ఆలోచించేదేమీ లేదు. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం కట్టినవాళ్లు) ఇద్దరూ పడేశారు, అతను కాల్ చేశాడు, అంటే మీతో సమానంగా కట్టాడు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన డబ్బు, బ్లైండ్ల 15తో కలిపి 75. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, కళావరు 8, డైమండ్ 3. అతను వెంటనే 10 వేశాడు.

గుండె జారేది ఇక్కడే. రాణులు పట్టుకున్నప్పుడు ఫ్లాప్‌లో ఆసో రాజో పడటం వందలో 41 సార్లు జరిగేదే. జాకీలైతే వాటికన్నా పెద్ద ముక్క 57 సార్లు వస్తుంది. మనకు కనపడని 47 ముక్కల్లోంచి ఏ రెండు తీసినా వాటిలో రాజు ఉండే అవకాశం ఎనిమిదిలో ఒక వంతు. రెయిజ్ చేశాడు కాబట్టి ఇంకొంచెం ఎక్కువ వేసుకోండి. మీరు కాల్ చేస్తూ పోతే, అతను చివరిదాకా కొట్టినా మీకు అయ్యేది 50, వచ్చేది 125. పదిలో మూడుసార్లు గెలిస్తే చాలు. ఇలాంటి మనిషి మీద రాణులు అంతకంటే ఎక్కువే గెలుస్తాయి. రివర్ (ఐదో ముక్క) దాకా వచ్చేశాక లెక్క ఇంకా తేలిక: పాట్‌లో 155, అడిగేది 20. ఎనిమిదిసార్లలో ఒక్కసారి గెలిచినా లాభమే. అక్కడ పడేయకండి, దయచేసి.

మరి రాజు రాకపోతే? ఫ్లాప్ 9, 6, 2 అనుకోండి. చాలామంది అక్కడే రెయిజ్ చేసి అతన్ని నెమ్మదింపజేస్తారు. ఇద్దరే ఉన్నప్పుడు నేనైతే ఊరికే కాల్ చేస్తాను. టర్న్‌లో అతను 20 వేశాక అప్పుడు 40 చేస్తాను. పందెం రెట్టింపయ్యే చోట రెయిజ్ చేస్తేనే విలువ.

2015లో కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా సాధించిన ప్రోగ్రామ్ ఒకటి చేశారు, పేరు సెఫియస్. డీలర్‌గా ఆడేటప్పుడు అది మొదటి రౌండులో చివరి రెయిజ్ దాదాపు చేయదు. ఆసుల పెయిర్‌తో కూడా పదివేలలో ఒకసారి కన్నా తక్కువే చేస్తుంది! బలం దాచుకుని అవతలివాడినే ముందుకు రానిస్తుంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

టేబుల్ నిండా జనం ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు. ఆసుల పెయిర్ ఏవో ముక్కలున్న ఒక్కరి మీద సగటున వందకి 85 సార్లు గెలుస్తుంది. నలుగురి మీద 56కి పడిపోతుంది. మీ ముందున్న దూకుడు మనిషి ఫ్లాప్‌లో బెట్ వేయగానే రెయిజ్ చేసేయండి. వెనక ఉన్నవాళ్లు డ్రా కోసం (కావలసిన ముక్క పడుతుందేమోనని చూడటానికి) ఒకేసారి రెండు బెట్లు కట్టాలి. అలాగే, రాజుల పెయిర్ మీద ఆసు పడి, దూకుడు మనిషి బెట్ వేసి, గంట నుంచి నోరెత్తని ఇంకొకాయన దానిమీద రెయిజ్ చేశాడంటే, ఆ రాజుల్ని పడేయండి. ఆ రెయిజ్ దూకుడు మనిషిది కాదు.