చోళ్ళ విత్తనం ఎవరింట్లో ఉంది?

హోస్ట్: నమస్కారం. గుణుపురం నుంచి మాట్లాడుతున్నాం. ఒడిశాలోని రాయగడ జిల్లా కొండ ఊళ్ళలో చిన్న రైతులతో పనిచేసే తమ్ముడొకరు ఇవాళ మనతో ఉన్నారు. తమ్ముడూ, వాతావరణ మార్పు అనగానే మన పిల్లలకి ర్యాలీలు, పోస్టర్లు గుర్తొస్తాయి. నువ్వు ముందు విత్తనం గురించి అడుగుతావు. ఎందుకని?

అతిథి: వాన లెక్క తప్పినప్పుడు రైతుకి ఆసరా అదే అక్కా. మన కొండవాలు చేలల్లో చోళ్ళు (రాగులు), సామలు, కంది, అలసందలు కలిపి వేసేవాళ్ళు. సామలు ముందు చేతికొస్తాయి, తర్వాత చోళ్ళు, చివరికి కంది. ఒకటి ఎండిపోయినా ఇంకొకటి ఇంటికొచ్చేది. ఇప్పుడు చాలా చేలల్లో పత్తి ఒక్కటే. దానికి గడ్డి మందు కొడుతున్నారు. ఆ మందుకి కంది మొక్కా మిగలదు, గట్టు మీద అమ్మలు ఏరుకునే ఆకుకూరా మిగలదు.

హోస్ట్: పత్తికి డబ్బొస్తుంది కదా. రైతుని తప్పు పట్టలేం.

అతిథి: నేనూ పట్టను. పిల్లల ఫీజులకి, ఆసుపత్రికి రొక్కం కావాలి. కానీ విత్తనం, మందు అప్పు మీద వస్తాయి. అప్పిచ్చిన షావుకారే చాలాచోట్ల పత్తి కూడా కొంటాడు, రేటు ఆయన చెప్పిందే. అందుకే పత్తి మానెయ్యమని చెప్పం. ఒక చెక్కలో పాత కలగలుపు పంట ఉంచండి అంటాం.

హోస్ట్: విత్తనం దాచడమంటే నాకు కమలా పూజారి గారు గుర్తొస్తారు.

అతిథి: కొరాపుట్ జిల్లా జయపురం దగ్గర పాత్రపుట్ ఆవిడ ఊరు. నాటు వరి రకాలు సేకరించి కాపాడినందుకు 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. కొరాపుట్ సాగు పద్ధతుల్ని 2012లోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇంత దగ్గరున్నా మన కుర్రాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నాకు బాధగా ఉంటుంది.

హోస్ట్: ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళు ఏం చెయ్యగలరు మరి?

అతిథి: ముందు కాగితం పని. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా చదవడం రాదు, ఫారాలేమో ఒడియాలో ఉంటాయి. పిల్లలు ఒడియా బడిలో చదువుకున్నారు. చిరుధాన్యాల కోసం ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మొదలైంది, ప్రభుత్వం మండీల్లో చోళ్ళు కొంటోంది. 2025-26కి మద్దతు ధర క్వింటాకు 4,886 రూపాయలు. అయితే ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. లేకపోతే సంతలో ఎంతిస్తే అంతకి అమ్ముకోవడమే.

హోస్ట్: తుఫాన్ల సంగతి? 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే, ఇటు గజపతి కొండల్లో చరియలు విరిగిపడి జనం చనిపోయారు.

అతిథి: తుఫాన్లు సరిగ్గా కోతల ముందో, కోతల్లోనో వస్తాయక్కా. ఫసల్ బీమా, అంటే పంట బీమా ఉన్న వరి రైతు కోసి పరిచిన పనలు తుఫాను వానకి పాడైతే, 72 గంటల్లో తెలియజేయాలి. అదీ కోసిన 14 రోజుల లోపు జరిగిన నష్టానికే. ఆ మూడు రోజులూ రైతు కరెంటు లేక, పనలు తిరగేసుకుంటూ టెన్షన్‌లో ఉంటాడు. ఫోన్ ఉన్న కుర్రాడు పొలానికెళ్ళి ఫొటోలు తీసి నష్టం నమోదు చేయిస్తే, ర్యాలీకి వెళ్ళడం కంటే అది తక్కువ పనని నేను అనుకోను.

హోస్ట్: మరి గొంతెత్తి అడగాల్సింది ఎక్కడ?

అతిథి: పల్లీసభలో, అంటే ఊరి సభలో. చెరువు పూడిక తియ్యాలనో, విత్తనాలకి గది కావాలనో అడిగి, తీర్మానం పుస్తకంలో రాయించాలి. నోటిమాటగా అడిగితే రేపు ఎవరికీ గుర్తుండదు. ఆడపిల్లలు తప్పకుండా మాట్లాడాలి. ఇళ్ళల్లో విత్తనం ఎంచి, బూడిద కలిపి దాచేది ఆడవాళ్ళే కదా.

హోస్ట్: వినేవాళ్ళు రేపే మొదలుపెట్టాలంటే?

అతిథి: ఒక నోట్‌బుక్ తీసుకుని ఇంటింటికీ వెళ్ళండి. ఎవరింట్లో ఏ విత్తనం ఉంది, ఎన్ని రోజుల పంట, ఎలాంటి నేలకి పనికొస్తుంది, అన్నీ రాయండి. ముసలమ్మలని ముందు అడగండి. పేరు మాత్రమే గుర్తుండి విత్తనం పోయిన రకాలు కూడా రాయండి, పక్క ఊళ్ళో దొరకొచ్చు. మృగశిర కార్తె లోపు పంచుకుంటే ఈ ఏడే వేసుకోవచ్చు.