ఒంటి కాలి మీద నిలబడి 868: సదహరు ఓ

సభకు నమస్కారం.

జపాన్ బేస్‌బాల్ ఆటగాడు సదహరు ఓ కొట్టిన హోమ్ రన్లు 868. క్రికెట్ చూసే మనం హోమ్ రన్‌ను సిక్సర్ లాంటిది అనుకుంటే చాలు. అమెరికా మేజర్ లీగ్‌లో అత్యధికం బ్యారీ బాండ్స్ కొట్టిన 762. జపాన్ మైదానాలు చిన్నవి, అందుకే అన్ని వచ్చాయని కొందరంటారు. చిన్నవే, కాదనను. కానీ అలాంటి మైదానాల్లోనే ఆడి జపాన్‌లో రెండో స్థానంలో నిలిచిన కత్సుయా నొమురా లెక్క 657. మధ్యలో 211 తేడా ఉంది. దానికి మైదానం జవాబు చెప్పదు.

నాకు ఆ 868 కంటే ఆయన మొదటి మూడేళ్ల మీదే ఆసక్తి ఎక్కువ. 1959లో యొమియురి జెయింట్స్ జట్టు ఆయన్ని పిచర్‌గా, అంటే మన బౌలర్ లాంటి ఆటగాడిగా తీసుకుని, బ్యాటింగ్ బాగుందని ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కు మార్చింది. ఆ ఏడాది బ్యాటింగ్ సగటు .161, అంటే వంద ప్రయత్నాల్లో దాదాపు పదహారు హిట్లే. స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేక ఔటవడాలు, 72. జనం గేలి చేశారు. ఆ తర్వాత రెండు సీజన్లలోనూ పేరు చెప్పుకునే ఆట రాలేదు.

1962లో హిరోషి అరకవా బ్యాటింగ్ కోచ్‌గా వచ్చాడు. బంతి రాకముందే సదహరు ఓ శరీరం ముందుకు వెళ్లిపోతోందని, అందుకే టైమింగ్ తప్పుతోందని పట్టుకున్నాడు. ఆపడానికి కనిపెట్టిన ఉపాయమే ఆ ఒంటి కాలి భంగిమ. ఎడమచేతి బ్యాటర్ కాబట్టి కుడి కాలు పైకెత్తి, ఎడమ కాలి మీదే నిలబడి బంతి కోసం ఆగాలి. నిలబడటమే కష్టం, ఇక కొట్టడం! ఐకిడో అనే జపాన్ యుద్ధకళకు గురువైన ఉఎషిబాకు అరకవా శిష్యుడు, సదహరు ఓను కూడా ఆ సాధనలోకి తీసుకెళ్లాడు. పైనుంచి దారంతో కాగితం వేలాడదీసి, అసలు కత్తితో దాన్ని కోయమనేవాడు. బలంగా ఊపితే కాగితం పక్కకు జరిగిపోతుందే తప్ప తెగదు. కత్తి సరైన గీతలో పోవాలి. ఆ పనికి ఓపిక ఎంత కావాలో ఆలోచించండి.

1962 జూలై 1న మ్యాచ్‌లో తొలిసారి ఆ భంగిమతో ఆడి హోమ్ రన్ కొట్టాడు. ఆ సీజన్ ముగిసేసరికి 38. అక్కడినుంచి 1974 దాకా, వరుసగా 13 ఏళ్లు, తన లీగ్‌లో హోమ్ రన్ల టైటిల్ ఆయనదే. 1965 నుంచి 1973 వరకు జెయింట్స్ వరసగా తొమ్మిదిసార్లు జపాన్ సిరీస్, అంటే దేశ ఛాంపియన్‌షిప్, గెలిచింది. సహ ఆటగాడు షిగెయో నగషిమా, సదహరు ఓ ఆ జట్టుకు రెండు చేతులు.

ఇంకో సంగతి తప్పక చెప్పాలి. సదహరు ఓ తండ్రి చైనా నుంచి వచ్చినవాడు, తల్లి జపనీయురాలు. 1957లో స్కూలు జట్టును కోషియెన్ అనే జాతీయ హైస్కూల్ టోర్నీలో గెలిపించిన ఈ కుర్రాణ్నే, జపాన్ పౌరుడు కాదని అదే ఏడాది జాతీయ క్రీడోత్సవంలో ఆడనివ్వలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1977 సెప్టెంబర్ 3న, 756వ హోమ్ రన్‌తో, అప్పటి అమెరికా రికార్డు తన పేరిట ఉన్న హాంక్ ఆరన్‌ను దాటాడు. జపాన్ ప్రభుత్వం అప్పుడే కొత్తగా పెట్టిన జాతీయ గౌరవ పురస్కారాన్ని మొదట ఈయనకే ఇచ్చింది. అప్పటికీ ఆయన జపాన్ పౌరుడు కాదు!

అభిమానిగా నన్ను బాధపెట్టేది 1985. అప్పుడు జెయింట్స్ మేనేజర్ సదహరు ఓనే. 1964లో తాను నెలకొల్పిన 55 హోమ్ రన్ల సీజన్ రికార్డుకు ప్రత్యర్థి జట్టు హాన్షిన్ ఆటగాడు ర్యాండీ బాస్ ఒక్క అడుగు దూరంలో, 54 దగ్గర ఉన్నాడు. చివరి మ్యాచ్‌లో జెయింట్స్ పిచర్లు అతనికి కొట్టే బంతి వేయకుండా నాలుగుసార్లు వాక్ ఇచ్చారు, అంటే కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు పంపేశారు. అలా వేయమని తాను చెప్పలేదని సదహరు ఓ అన్నాడు. నేను నమ్ముతాను. అయినా మేనేజర్‌గా ఆపి ఉండాల్సింది. ఆ 55ను చివరికి 2013లో వ్లాదిమిర్ బాలెంటియెన్ 60 కొట్టి దాటాడు.

868 మాత్రం అలాగే ఉంది.